చెత్తబుట్టలోంచి లేచిన దొరసాని

మా బడి ఆయమ్మకి ముక్కు మీదే కోపం అంటారు అందరూ. పదిహేనేళ్ళుగా అదే బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, నా మాట వినండి: ఆవిడ కోపంలో ఒక్కసారి కూడా నాకు తప్పు కనపడలేదు.

ఆ ఏడు సైన్సు ప్రదర్శనకని హెడ్‌మాస్టరుగారు గుడ్లు పొదిగే పెట్టె తెప్పించారు. ఏడు బాతుపిల్లలు వచ్చాయి. వాటి కింద నున్నటి కాగితం పరిచింది మేమే, చదువుకున్నవాళ్ళం. దాని మీద జారి జారి, అన్నిటికన్నా చిన్నదానికి కాళ్ళు చెరో పక్కకీ వాలిపోయాయి. మూడో రోజుకి నిలబడడమే మానేసింది.

"అతిథులొచ్చేసరికి ఇది కనపడకూడదు" అంటూ హెడ్‌మాస్టరు దాన్ని తీసి చెత్తబుట్టలో వేశారు, పెన్సిలు చెక్కిన పొట్టు వేసినట్టు. అది ఇంకా కియ్‌కియ్‌మంటూనే ఉంది. నేనక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు.

బుట్ట ఖాళీ చెయ్యడానికి వచ్చిన ఆయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, పిల్లని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడది రెండు గదుల ఇల్లు. భర్త సైకిళ్ళు బాగుచేస్తాడు. "మనకే కాళ్ళు చాపుకునే చోటు లేదు కదే!" అన్నాడట. "అయితే ముడుచుకుని పడుకో" అందట ఈవిడ. మర్నాడు ఆయనే పాత ట్యూబులు కత్తిరించి, పిల్ల జారకుండా గచ్చు మీద పరిచాడు.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన పకపకా నవ్వాడు. "దీనికి మందు కాదమ్మా, మసాలా కావాలి."

"రేపు మీ కాలు విరిగితే మీకూ అదే పూస్తారా?"

డాక్టరు నవ్వు ఆగింది. కాళ్ళ మధ్య ఎంత ఎడం ఉంచి గుడ్డ పీలికతో కట్టాలో దగ్గరుండి చూపించాడు. ఆరు వారాలు కట్టు విప్పి కట్టి, విప్పి కట్టి, కుడికాలు నిలబెట్టింది ఆయమ్మ. ఎడమకాలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. బరువంతా ఒక కాలి మీదే పడి పాదం పుండయ్యేది. రోజూ పొద్దున్నే టబ్బులో కాసేపు ఈదించి, పాదం ఉప్పునీళ్ళతో కడిగి, ఆరాక మందు రాసి అప్పుడు బడికి వచ్చేది. మూడడుగులు వేసి ఆగి, తల తిప్పి అందర్నీ తనిఖీ చేసినట్టు చూస్తుందని దానికి దొరసాని అని పేరు పెట్టింది. "కుంటిది ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే జవాబే చెప్పేది కాదు.

ఏడాది తిరిగింది. మూగజీవాల మీద దయ చూపే బడులకి బహుమతి ఇస్తున్నారు, చూడడానికి జిల్లా విద్యాశాఖ నుంచి పెద్దమేడం వస్తున్నారు అన్నారు.

"ఆయమ్మా, మన బాతుని రేపు తీసుకురా" అన్నారు హెడ్‌మాస్టరు.

"మన బాతా?" అంది ఆయమ్మ. అంతే అంది. తెచ్చింది కూడా.

"మా విద్యార్థులు ప్రేమతో పెంచి, నయం చేసిన బాతు" అని ఆయన చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. పెద్దమేడం మురిసిపోయి ఆయమ్మని అడిగారు, "ఎలా నయమైందమ్మా?"

"నయం కాలేదండీ, నడిపించి చూడండి. అయ్యగారు దీన్ని బతికుండగానే చెత్తబుట్టలో వేశారు. నేను తీసుకున్నాను. పిల్లలకి దీంతో ఏ సంబంధమూ లేదు, పాపం వాళ్ళ చేత అబద్ధం చెప్పించకండి."

బహుమతి రాలేదు. బడి పరువు తీసిందని ఆయమ్మకి మెమో వచ్చింది! పారేసినవాడికి కుర్చీ, పెంచినదానికి మెమో. స్టాఫ్‌రూములో అందరూ గుసగుసలాడారు, ఒక్కరూ కాగితం మీద పెట్టలేదు. ఈసారి నేను పెట్టాను. చూసింది చూసినట్టు, నేను నోరు మూసుకున్న సంగతితో సహా రాసి, సంతకం చేసి పెద్దమేడంగారికి పంపాను. వారం తిరక్కుండా మెమో వెనక్కి తీసుకున్నారు. క్షమించమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. "ఆ రోజే నేను అడ్డుపడాల్సింది" అన్నాను.

"అవును, పడాల్సింది" అంది ఆయమ్మ, మొహమాటం లేకుండా. "సరే, ఇలా రండి టీచరమ్మా. నీళ్ళు మార్చాలి, ఆ టబ్బు అటువైపు పట్టండి."

పట్టాను. చాలా బరువుగా ఉంది.