కర్ర జారిన చోటు

పరుపుల దుకాణంలో పనిచేసే మనిషిని పరుపు అని పిలవడానికి లోకం పెద్దగా కష్టపడలేదు. అతను పగలు కర్రతో దూది కొట్టేవాడు. సాయంత్రాలు అవే చేతులతో డ్రమ్ములు కొట్టేవాడు. రెండిట్లోనూ చేసేది బాదడమేననీ, ఒకదానికి దుమ్ము లేస్తే రెండోదానికి చప్పట్లు లేస్తాయనీ, తేడా అంతేననీ అతని భార్య తీర్మానించింది. ఆ ఇంట్లో ఆవిడ తీర్మానాలకు సవరణలు ఉండేవి కావు.

బృందంలో నలుగురు. మాటలు రాసి పాడే గాయని. వరుసలు కట్టి కీబోర్డు వాయించే మాస్టారు. ఆయన బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని, ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం నుంచి కాలేదు. గిటారు వాయించేది గాయని తమ్ముడు. వాడి పేరు తీగలు. నాలుగోవాడు పరుపు. పెళ్ళిళ్ళకీ, బడి వార్షికోత్సవాలకీ, కొత్త దుకాణాల ప్రారంభాలకీ వాళ్ళు తప్పనిసరి. దుకాణాలు మూతపడేటప్పుడు మాత్రం ఎవరూ పిలవలేదు.

మనుషులు నలుగురైనా వాటాలు అయిదు. అయిదోది వ్యానుది. ఒకసారి కొండ ఎక్కుతూ అది మొరాయించింది. నలుగురూ దిగి తోస్తుంటే మాస్టారు రొప్పుతూనే ఒక శాసనం చేశారు. పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు అన్న ప్రశ్న ఇకమీదట లేదు. ఎవరు లేకపోతే పాట జనం దాకా చేరదో వాళ్ళందరికీ సమాన వాటా. రొప్పుతున్న మనిషితో వాదించడం మర్యాద కాదని మిగిలినవాళ్ళు ఒప్పేసుకున్నారు. ఆనాటి నుంచి వ్యాను తన వాటాతో టైర్లు మార్చుకుంటూ, మిగిలింది డీజిలుగా తాగుతూ గౌరవంగా బతికింది.

వాటాలో సమానమే. పోస్టరు మీద మాత్రం గాయని పేరు పెద్దక్షరాల్లో, మాస్టారి పేరు మధ్యరకంలో, ఆ కింద ‘మరియు బృందం’ అని ఉండేది. అచ్చాఫీసువాడి పద్ధతి అది. ఒకసారి భార్య పోస్టరును గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి వెతికింది.

“ఇందులో మీరెక్కడండీ?”

“బృందంలో తీగలున్నాడు. నేను మరియులో ఉన్నాను,” అన్నాడు పరుపు.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఒక్కసారి, ఏదో ఒక పాట పక్కన, ఎంత చిన్నక్షరాల్లోనైనా సరే తన పేరు ఉంటే బాగుండునన్న కోరిక అతని కడుపులో ఉండేది. అది పెదవి దాటి ఎప్పుడూ రాలేదు. భార్యకు తెలుసు. తెలిసినట్టు ఆవిడా చెప్పలేదు.

ఇక కర్ర సంగతి. ఒక పెళ్ళిలో కొత్త పాట ఎత్తుకున్నారు. చరణం ముగిసి పల్లవిలోకి తిరిగే చోట పరుపు చేతిలోంచి కర్ర జారింది. అది బుద్ధిగా కాళ్ళ దగ్గర పడకుండా, దొర్లుకుంటూ వేదిక కింద పరిచిన బల్లల సందులోకి వెళ్ళింది. పరుపు దాని వెనకాలే దూరాడు. పైన పాట ఆగిపోయింది. ఆ తర్వాత పైన ఎవరేమన్నారో బల్లల కింద అతనికి వినబడలేదు. బయటికి వచ్చి, దుమ్ము దులుపుకుని, కర్రతో ఒక్క దెబ్బ వేసేసరికి పందిరంతా హోరెత్తింది. తనకెందుకంత ఘనసన్మానమో అతనికి బోధపడలేదు. మర్నాటి నుంచి ఆ చోట ఒక ఖాళీ స్థిరపడిపోయింది. పల్లవి కూడా మారింది. మాటలూ వరుసా తెలిసిన ఇద్దరూ కూర్చుని మార్చుకున్నారు కాబోలు అనుకున్నాడు. పల్లవుల్లో వేలు పెట్టడం డ్రమ్ములవాడి పని కాదని అతని సిద్ధాంతం.

ఖాళీ ఎంతసేపుండాలో కొలవడానికి అతనికి ఒకటే పద్ధతి ఉంది. ప్రతిసారీ మనసులో వంగుతాడు, బల్లల కింద దూరతాడు, కర్ర అందుకుంటాడు, దుమ్ము దులుపుకుంటాడు, అప్పుడు దెబ్బ వేస్తాడు. ముగ్గురూ అతని భుజం వంక చూస్తూ నిలబడతారు. పరుపుకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ ఖాళీ కాస్త పెరిగిందని తీగల ఫిర్యాదు.

ఆ పాటను ఒక బస్సుల కంపెనీ వాళ్ళు ఎక్కడో విన్నారు. తమ ప్రకటనలకు కొనుక్కుంటామన్నారు. కాకపోతే పాటకు కర్తలెవరో కాగితం మీద రాసివ్వాలి. అంత పెద్ద మాట వినబడేసరికి మాస్టారు తన బావమరిదిని పిలిపించారు. లాయరు దగ్గర గుమాస్తా అతను. చట్టం అనే మాట వచ్చినప్పుడల్లా కుర్చీలో నిటారుగా సర్దుకునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మీది గదిలో, అమ్ముడుపోని పరుపుల మధ్య సభ తీరింది. బావమరిది కాగితం విప్పి, మాటలు గాయనివి, వరుస మాస్టారిది, కాబట్టి పేర్లు రెండే అన్నాడు. గిటారూ డ్రమ్ములూ వాయిద్య సహకారం కిందికి వస్తాయట. దానికి కూలి ఇస్తే చాలునట. అది కూడా సంతోషం కొద్దీనట.

తీగలు మొహం గంటు పెట్టుకున్నాడు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, “మరి వ్యాను?” అన్నారు.

“వ్యానేమిటి బావా?”

“దానికీ వాటా ఉందోయ్. అది ఒక్క మాటా రాయలేదు. దానికిచ్చి మనుషులకి ఎగ్గొట్టమంటావా?”

వ్యాను కర్తృత్వం గురించి చట్టం ఏమంటుందో బావమరిదికి గుర్తు రాలేదు. ఈ లోపల పరుపే గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు ఆ గదిలో అతనికి వ్యతిరేకంగా వకాల్తా పుచ్చుకున్నవాడు అతనొక్కడే. బావమరిదిగారు చెప్పిందే న్యాయమనీ, తీగలు కనీసం మధ్యలో ఒక వరుస కట్టాడు గనక వాడి పేరు వెయ్యాలనీ, తను ఆ పాటకు చేసింది కర్ర పారేసుకోవడమేననీ చెప్పాడు. “చేతకాక జారిందమ్మా అది. దానికి కూడా పేరు వేస్తారా ఎవరైనా?” అని గాయనితో అన్నాడు. అంటూ పక్కనున్న పరుపు కుట్టులోంచి దారం పీకుతూ కూర్చున్నాడు.

గాయని అతని వంక వింతగా చూసింది.

“అన్నయ్యా, ఆ పల్లవి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నావు?”

“నువ్వు రాశావు.”

“ఎప్పుడు?”

“ఇంటి దగ్గర. కూర్చుని.”

“నేను రాసింది వేరే ఉండేది. అదేమిటో ఇప్పుడు నాకే గుర్తు లేదు. నీ కర్ర పోయింది, పాట ఆగిపోయింది. అంత జనం నా మొహంలోకి చూస్తున్నారు. వెనక్కి తిరిగితే నువ్వు లేవు. బల్లల కింద నీ కాళ్ళు కనబడుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక జనంతో అన్నాను: ‘ఆగండి, కాస్త ఆగండి, మనవాడు వస్తున్నాడు.’ అన్నది కాస్తా వరుసలో పడింది. మాస్టారు అందుకున్నారు.”

బస్సుల కంపెనీ మోజుపడింది సరిగ్గా ఆ మాట మీదే. దూరం నుంచి వచ్చేవాడి కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట అని కొందరూ, కొడుకు కోసం తల్లి పాడే పాట అని కొందరూ ఇన్నేళ్ళుగా కంటతడి పెట్టుకున్నారు. ఆ వచ్చేవాడు బల్లల కింద దుమ్ములో దేవులాడుతున్న పరుపు అని తెలిసినవాళ్ళు ముగ్గురే. అతను నాలుగోవాడు కాడు.

“నాకు చెప్పలేదేం?” అన్నాడు పరుపు.

“నీకు తెలియదని మాకేం తెలుసు? నీ గురించే కదా పాట,” అన్నాడు తీగలు.

పరుపు మళ్ళీ దారం అందుకున్నాడు. ఆ పూట ఒక పరుపు కుట్టు సగం ఊడిందనీ, యజమాని మర్నాడు ఎలుకల మందు కొన్నాడనీ చెబుతారు.

బావమరిది కలం తీశాడు. పాటలో మనిషి పాటకు కర్త కావచ్చునా అన్న సందేహాన్ని తన దగ్గరే ఉంచుకుని, పేర్లు నాలుగు రాస్తాననీ, వ్యానును మాత్రం క్షమించమనీ అన్నాడు. దాని వాటా తమ చేతుల మీదుగా ఎప్పటిలాగే ఇచ్చుకుంటామని మాస్టారు అభయమిచ్చారు. ఆ తర్వాత చిక్కొచ్చింది. పరుపు అని రాస్తే చెల్లదు, అసలు పేరు కావాలి. మాస్టారు గాయని వంకా, గాయని తీగల వంకా చూశారు. ముగ్గురికీ తెలియదు. పరుపు సిగ్గుపడుతూ చెప్పాడు. “ఎంత బాగుంది!” అంది గాయని. ఆ తర్వాత కూడా పరుపనే పిలిచారు.

ఆ కాగితం నకలు ఇంటికి తెచ్చాడు. భార్య గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. నాలుగు పేర్లూ ఒకే సైజులో ఉన్నాయి. అతని పేరు మీద వేలు పెట్టి, ఇంకో రెండుసార్లు వేలితోనే రాసింది. “మరియు ఏమైంది?” అని అడిగింది. మాస్టారి బావమరిది కొట్టేశాడని చెప్పాడు.

తర్వాతి కార్యక్రమం ఒక బడిలో. చరణం ముగిసింది. పరుపు మనసులో వంగాడు, బల్లల కిందికి దూరాడు. కర్ర దొరికింది. కానీ ఈసారి పైన ఏం జరుగుతుందో అతనికి తెలుసు, కాస్త విందామనిపించింది. గాయని వెనక్కి తిరిగి, అతని భుజం వంక చూస్తూ, ఆగండి, కాస్త ఆగండి అంది. ఖాళీ ఎన్నడూ లేనంత పొడుగైంది. తీగల చెయ్యి గాలిలోనే ఉంది. మాస్టారు కూడా దిద్దలేదు. మనవాడు వచ్చేదాకా ముగ్గురూ అలాగే ఆగారు.