నడుం మీద గీతలు

అమ్మకు రొమ్ములో వచ్చిన క్యాన్సర్ వెన్నెముకలోకి పాకిందని తెలిసేసరికి ఆమె వెల్లకిలా పడుకుని రెండు నెలలైంది. పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, దిండు కరుచుకుని పడుకునేది. "ఒక్క రాత్రి వెల్లకిలా పండుకుంటే చాలు పాపా, ఇంకేం అడగను" అనేది. నెల్లూరులో డాక్టరు దాచకుండా చెప్పాడు. జబ్బు పోదు, ఐదు రోజులు రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది. మా పాళెంలో దాన్ని కరెంటు పెట్టడం అంటారు.

కరెంటు పెట్టే ముందురోజు స్కానింగ్ తీసి, కిరణాలు ఎక్కడ పడాలో గుర్తుగా అమ్మ నడుం మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. చెరగనీయొద్దని నాకే చెప్పారు, టీచరునని. బయట బెంచీ మీద కూర్చుంటే పక్కనున్న ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళింది. ఆమెకు జలుబో, వాంతో, ఎవరికి తెలుసు? అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. చిన్నప్పుడు ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని మా బడి ముందు నుంచి పోతుంటే కూడా అలాగే దించుకునేదాన్ని.

మా మైపాడులో చేపలమ్మే ఆడవాళ్ళు ఏదైనా పని మీద పట్నం పోవాలంటే సున్నిపిండి, నిమ్మచెక్క పెట్టి ఒళ్ళు ఎర్రబడేదాకా తోముకుంటారు. మర్నాడు పొద్దున అమ్మ పీట మీద కూర్చుని, "గట్టిగా రుద్దు పాపా, ముక్కులు మూసుకుంటా ఉండారు" అంది. రుద్దాను. ఎనిమిది నెలలుగా ఆమె చేప ముట్టలేదు, ఒంటికి వాసనెక్కడిది? ఉన్నదంతా నా సిగ్గే. ఊదారంగు నీళ్ళు నా కాళ్ళ దగ్గరికి పారాక గీతలు గుర్తొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

"చదువుకున్నదానివే గదమ్మా! చెరపబాకని చెప్పినా గదా!" అని టెక్నీషియన్ కేకలేశాడు. మళ్ళీ స్కానింగ్ తీసి గీతలు గియ్యాలి, దానికి వారం ఆగాలి. ఆ వారమంతా అమ్మ దిండు కొరుక్కుంటూ గోడ వైపు తిరిగి పడుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కరెంటు పెట్టిన పది రోజులకు నొప్పి దిగింది. పదకొండు రాత్రులు వెల్లకిలా పడుకుని, గురక పెట్టి నిద్రపోయింది. నా చెయ్యి ఊరుకుని ఉంటే పద్దెనిమిది అయ్యేవి. ఇక కడుక్కోవచ్చని డాక్టరు చెప్పినా, అమ్మ ఆ గీతల దగ్గరికి సబ్బు రానివ్వలేదు. జబ్బు మాత్రం ఆగలేదు. పన్నెండో రోజు అమ్మ పోయింది.

ఆఖరి స్నానం చేయించేటప్పుడు పెద్దమ్మ సున్నిపిండి తీసుకుని నడుం మీద చెయ్యి వేసింది. గీతలు మసకమసకగా ఇంకా ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఆడ రుద్దబాక పెద్దమ్మా."

"ఏందే నీ చాదస్తం? పొయ్యేదాన్ని వాసనతో పంపిస్తామా?"

చుట్టూ ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు. ఆమె చెయ్యి వదిలేశాను. నీళ్ళు నేనే పోశాను.