మాస్టారి వైపు పెడల్

కిర్రు.

మళ్ళీ అదే. చెవిలో జోరీగలా ఆ క్లచ్ పెడల్. మాస్టారు పళ్ళు నూరుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు. స్టీరింగు ముందు కూర్చున్న నర్సమ్మ గేరు మార్చింది. ఆమెకి ఆ చప్పుడు పట్టకపోవడమే ఆయనకి ఎక్కువ చిరాకు.

ఆయన డ్రైవింగు నేర్పుతాడు. కారు పాతది. సీట్ల బట్ట చిరిగి దూది కనిపిస్తుంది, ఇంజను మాత్రం ఇంకా మాట వింటుంది. నేర్పే కారు కాబట్టి మాస్టారు కూర్చునే ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉన్నాయి. ఆయన తన క్లచ్ తొక్కితే ఒక తీగ లాగి అవతలి పెడల్‌ని కూడా కిందికి దించుతుంది. అవతలివాళ్ళు తొక్కితే ఇటువైపుది కదలదు. ఆపద వస్తే ఆదుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది.

ఆయన్ని అందరూ నీళ్ళ మాస్టారు అంటారు. ఆయన పక్కనుంటే మొదటి రోజు నుంచే బండి నీళ్ళలా సాగుతుందని. ఆయన నేర్చుకున్న రోజుల్లో బండి ఆగినప్పుడల్లా గురువు కర్రతో మోకాలి మీద కొట్టేవాడు. తన దగ్గర ఎవరి బండీ ఆగకూడదని అప్పుడే అనుకున్నాడు. ఆగలేదు కూడా. ఆయన ఎవరి మీదా కేక వేసిందీ లేదు.

ఈ కిర్రు మొదలయ్యాక ఆ మంచితనానికి చిల్లు పడింది. ఆయన డ్రైవరు సీటు కింద తలకిందులుగా దూరి పెడల్‌కి నూనె పోశాడు. గ్రీజు పూశాడు. పెడల్‌కి పూసింది తక్కువ, చొక్కాకి పూసుకొచ్చింది ఎక్కువ అని భార్య సాధించింది. విచిత్రం ఏమిటంటే, ఆయన నడుపుతున్నప్పుడు కారు నోరెత్తదు. నేర్చుకునేవాళ్ళు కూర్చుంటే చాలు, మొదలు.

షెడ్డుకి తీసుకెళ్ళాడు. మెకానిక్ ఆయన భార్యకి తమ్ముడే. వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చాడు.

"ఏదీ బావా నీ కిర్రు?"

"సుత్తి దెబ్బలకి నీ చెవులు పోయాయిరా."

"నా చెవులకేం, బానే ఉన్నాయి. ఇంట్లో అక్క అరుపులు విని విని నీకే ఏదో మోగుతోంది."

"బండి చూడమంటే సంసారం చూస్తావేంట్రా?"

"జ్వరం ఉన్నప్పుడు తీసుకురా. తగ్గాక తెచ్చి మందు వెయ్యమంటే ఎలా?"

ఇక మిగిలింది ఒకటే కారణం. నేర్చుకునేవాళ్ళు పెడల్‌ని వంకరగా తొక్కుతున్నారు. మర్నాడు నర్సమ్మతో ఆ మాటే అన్నాడు.

"మడమ పక్కకి పోతోందమ్మా మీకు. నిటారుగా తొక్కండి."

"నిటారుగానే తొక్కుతున్నానండీ."

"మరి ఎవరు తొక్కుతున్నారు, నేనా?"

ఆమె చెప్పులు మార్చింది. కిర్రు. చెప్పులు విడిచి తొక్కింది. కిర్రు. మాస్టారు నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఆమెకి తగిలింది.

ఆమెకి ఎల్లుండి పరీక్ష. మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూసే ఉద్యోగం ఒకటి ఆస్పత్రిలో ఖాళీ అయింది. లైసెన్సు ఉంటేనే ఇస్తారు. వస్తే రాత్రి డ్యూటీలు తప్పుతాయి. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది, రెండుసార్లూ ఎత్తు ఎక్కేచోట బండి ఆగిపోయి మళ్ళీ కదల్లేదు. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"మీ పక్కన నీళ్ళలా పోతుంది, అక్కడ రాయిలా ఆగుతుంది. ఏంటండీ ఇది?"

"భయం అమ్మా. గుండె గట్టి చేసుకోవాలి."

"నా గుండెకేం భయం మాస్టారూ? రోజూ పోయేవాళ్ళ పక్కనే కూర్చుంటాను."

ఆయనకి కోపం వచ్చింది. అది చూపించడానికి బావమరిది ఉన్నాడు. కారుని ఆమె చేతే షెడ్డుకి నడిపించి, అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇదిగో, జ్వరంతోనే తెచ్చాను. చెప్పులు మార్పించినా తగ్గలేదు. విను."

ఎత్తు రోడ్డు ఎక్కే ముందు ఆమె బండి ఆపి మళ్ళీ కదిలించింది. కిర్రు.

మెకానిక్ ముందుకి వంగి కిందికి చూశాడు.

"బావా, కాళ్ళు పైన పెట్టుకో."

"ఎందుకురా?"

"పెట్టుకో, చెప్తాను."

మాస్టారు సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. నర్సమ్మ మళ్ళీ గేరు వేసి క్లచ్ వదిలింది. కిర్రు లేదు. కారు ఎగిరిపడి, దగ్గి, ఆగిపోయింది.

మెకానిక్ దిగి వచ్చి మాస్టారి వైపు పెడల్‌ని చేత్తో నొక్కాడు. కిర్రు.

"నీ వైపు పెడల్ ఇరుసుకి తొడిగే బుష్ అరిగిపోయింది బావా. ఈవిడ వైపుది కొత్తదానిలా ఉంది," అన్నాడు మెకానిక్. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆవిడ చెప్పుల మీద పడ్డావు."

నర్సమ్మ తల తిప్పింది. "రోజూ తొక్కుతున్నారా మాస్టారూ?"

"అవసరమైతేనే."

"ఎప్పుడు అవసరమైంది?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని లేదు. నిజం ఆయనకీ తెలియదు. బండి వణికినప్పుడల్లా కాలు దానంతటదే వెళ్ళింది. ఈమె దగ్గరే కాదు, అందరి దగ్గరా.

"పాపం ఆగిపోతుందేమో అని..."

"ఆగనివ్వాల్సింది. ఆగిన బండిని మళ్ళీ ఎలా కదిలించాలో నాకెవరు నేర్పారు?" ఆమె గొంతు పెంచలేదు. "మీరు దిగండి. ఈయన్ని పక్కన కూర్చోనివ్వండి."

"వీడేం నేర్పుతాడమ్మా? వీడికి కూర్చోవడం తప్ప ఏమీ రాదు."

"నాకు అదే కావాలి."

మాస్టారు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. మెకానిక్ ముందు సీట్లోకి మారి కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. కారు ఆగింది. మళ్ళీ ఆగింది. వెనక లారీవాడు హారన్ కొట్టి, తల బయట పెట్టి ఏదో అని పోయాడు. "వదలకండి, సగంలో పట్టుకోండి" అని మాస్టారు గొణిగాడు. అక్కడికి వినపడదు. ఆయన కాలు మాత్రం మట్టిలో నొక్కుకుపోయింది. చాలాసేపటికి కారు వణుకుతూ ఎత్తు ఎక్కి మలుపు తిరిగింది. ఎంతకీ రాదు. వచ్చాక ఆమె దిగలేదు. ఇంకోసారి వెళ్ళింది.

పరీక్ష రోజు ఆయన గోడ పక్కన నిలబడ్డాడు. ఆ కారులోనే పరీక్ష. ఆయన సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఎత్తు మధ్యలో కారు ఆగిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కారు పైన ఉంది.

ఇన్‌స్పెక్టరు దిగి, పాసని తల ఊపి వెళ్ళాడు. నర్సమ్మ తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఆగింది కదమ్మా?"

"ఆగింది."

"మరి ఎలా ఎక్కించారు?"

"ఎలాగేంటి మాస్టారూ? నేనే తొక్కాను." ఆమె నుదురు తుడుచుకుని మంచినీళ్ళ కోసం వెళ్ళింది.