అమ్మమ్మ ఒంటి తుమ్ములు

నా చిన్నప్పటి సంగతుల్లో ఇప్పటికీ నాకు సరిగ్గా అంతుపట్టనిది ఒకటుంది. అప్పట్లో మేము మాంచెస్టర్‌లో ఉండేవాళ్ళం. నాకు ఉబ్బసం. ఆ చలికాలమంతా ఆసుపత్రికీ ఇంటికీ మధ్యే గడిచిపోయింది. ఎండలు వచ్చాక, బడిలో అందరూ చూసొచ్చిన కొండమీది చెరువును నేనూ చూడాల్సిందేనని పట్టుబట్టాను. అసలే మొండిఘటాన్ని. డాక్టరైన మా నాన్న చివరికి ఒప్పుకున్నారు గానీ, ఎక్కడ ఆయాసం వస్తే అక్కడినుంచే వెనక్కి తిరగాలని షరతు పెట్టారు.

అమ్మకు తన ఉద్యోగంలో ఆరోజే డ్యూటీ పడింది. కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మమ్మ, చీర మీద నాన్న కోటు తొడుక్కుని, పులిహోర డబ్బాతో బయలుదేరింది. నాన్న ముందు, నేను మధ్యలో, అమ్మమ్మ నా వెనకాల.

కొంత దూరం ఎక్కేసరికి నా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ నాన్న జేబులో ఉంది. అడిగితే చెరువు లేదు, ఏమీ లేదు. తల వంచుకుని నడిచాను. అంతలో వెనక అమ్మమ్మ గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మింది.

"ఆగండి బాబూ. ఒంటి తుమ్ము. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి కదులుదాం" అంది.

నాన్నకు ఇలాంటి పట్టింపుల్లేవు. అయినా అత్తగారి మాట తీసెయ్యలేక ఒక రాయి మీద కూర్చున్నారు. ఈలోగా నా ఊపిరి కుదుటపడింది. మళ్ళీ నిటారు దారి రాగానే నాకు ఆయాసం, వెనక ఇంకో తుమ్ము. దారి పొడవునా ఇదే వరస.

"జలుబు చేసినట్టుంది అత్తయ్యగారూ, దిగిపోదామా?" అన్నారు నాన్న. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"జలుబు కాదు బాబూ, ఈ గాలి పడక" అంది అమ్మమ్మ.

నాకంతా గందరగోళంగా ఉంది. తుమ్ము అపశకునమైతే, ఇన్ని తుమ్ముల తర్వాత కూడా మమ్మల్ని పైకే ఎందుకు నడిపిస్తోంది? చెరువు దగ్గర ఏదైనా కీడు కాచుకుని ఉందా? అడిగితే వెనక్కి పదమంటుందేమోనని నోరెత్తలేదు. భయపడుతూనే ఎక్కాను.

చెరువు నల్లగా, కదలకుండా ఉంది. కీడేమీ జరగలేదు. గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. అక్కడ గాలి ఎముకలు కొరికేస్తోంది, అమ్మమ్మ మాత్రం ఒక్కసారీ తుమ్మలేదు. దిగేటప్పుడూ తుమ్మలేదు. కారెక్కాక నాన్న "చూశారా, పిల్ల ఒక్కసారైనా ఆయాసపడలేదు" అని మురిసిపోతే, "అవును బాబూ" అని కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ తుమ్ములన్నీ నాటకమని నాకు తట్టేసరికి, అడగడానికి అమ్మమ్మ లేదు. అంత పెద్ద డాక్టరుకు నా పిల్లికూతలు నిజంగానే వినబడలేదా అన్నదీ తెలియదు. ఆ కొండ నేనే ఎక్కానా, వాళ్ళిద్దరూ కలిసి ఎక్కించారా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు నేనే అమ్మమ్మని. నడకలో మనవరాలి అడుగు తడబడితే, అలిసిపోయావా అని అడగను. "నాకు కాళ్ళు లాగుతున్నాయే" అని ముందు నేనే కూర్చుంటాను. అది పెద్దరికంగా నా పక్కన చేరి, "టేక్ యువర్ టైమ్, అమ్మమ్మా" అంటుంది.