సైనిక్‌పురి తొట్టిలో సముద్రపు బీకన్

అది 2004. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నాతో చదివినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయారు. పెళ్ళిళ్ళలో కనపడితే "ఇంకా ఆ డబ్బాలు కింద పడేసే ఉద్యోగమేనా?" అని అడిగేవారు. అవును, అదే ఉద్యోగం. ఎవరైనా పరికరం తయారుచేసి తెస్తే దాన్ని ఎత్తు మీంచి పడేసి, వేడికి మాడ్చి, ఫ్రీజర్‌లో పెట్టి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, స్టాండర్డ్ ప్రకారం ఉందో లేదో తేల్చాలి. స్టాండర్డ్ అంటే ఆ వస్తువు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల పుస్తకం. ఫెయిల్ అని రాయడానికి నాకు మొహమాటమే ఉండేది కాదు. వెనకాల నన్ను ఫెయిల్ మేడం అంటారని తెలుసు. కాస్త గర్వంగానే ఉండేది కూడా.

ఆ వానాకాలంలో సన్యాసిరావు గారు, ఆయన భార్య వరహాలమ్మ గారు వచ్చారు. విజయనగరం వైపు వాళ్ళు, సైనిక్‌పురిలో ఉంటున్నారు. ఆయన సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేశారు. ఉపగ్రహాలొచ్చి ఆ ఉద్యోగమే లేకుండా పోయాక ఇల్లు చేరారు. సబ్బు పెట్టెంత డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టి, "నీళ్ళలో పడ్డ మనిషి కోసం అరిచే డబ్బా అమ్మా ఇది" అన్నారు.

దాన్ని మ్యాన్ ఓవర్‌బోర్డ్ బీకన్ అంటారు. ఓడ మీద పనిచేసేవాళ్ళు ఒంటికి కట్టుకుంటారు. సముద్రంలో పడగానే తడి తగిలి దానంతటదే రేడియో సిగ్నల్ పంపుతుంది. ఓడలోని రిసీవర్ ఆ సిగ్నల్ ఎటు నుంచి వస్తోందో పట్టుకుంటుంది.

"ఇది చెయ్యాలని ఎందుకనిపించిందండీ?" అని అడిగాను.

"మా ఓడలో వంటాయన పట్టపగలు జారి పడిపోయాడు. సాయంత్రం దాకా వెతికాం. అంత సముద్రంలో తలకాయ కొబ్బరికాయంత కూడా కనపడదమ్మా. నేను రేడియో ముందే కూర్చున్నాను. ఎక్కడెక్కడి ఓడలూ పలుకుతున్నాయి, మా మనిషి మాత్రం పలకలేదు."

విశాఖలో పడవలున్న ఒకాయన, మా రిపోర్టు రాగానే తన మనుషులందరికీ ఇవి కట్టిస్తానని మాటిచ్చారట. అంటే నా సంతకాన్ని నమ్ముకుని కొందరు సముద్రం మీదికి వెళ్తారన్నమాట.

ఆయన ఇంట్లో చేసిన పరీక్షల నోటుపుస్తకం కూడా తెచ్చారు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి, బస్తాలకొద్దీ కల్లుప్పు పోసి, బీకన్ గుండెలకి కట్టుకుని అందులో పీకల్లోతు కూర్చునేవారు. ఇంత ఉప్పు చూసి కిరాణా కొట్టాయన ఆవకాయ వ్యాపారం పెడుతున్నారా అని అడిగాడట. వరహాలమ్మ గారు రిసీవర్ పట్టుకుని వీధి వెంట నడుస్తూ, ఆగిన చోటల్లా సిగ్నల్ వచ్చిందో రాలేదో రాసేవారు. గుండ్రటి అక్షరాలు. పేజీ తర్వాత పేజీ "వచ్చింది", "వచ్చింది" అనే ఉంది.

మా సీనియర్ టెక్నీషియన్ యాదగిరి ఆ పుస్తకం తిరగేసి నా దగ్గరికొచ్చాడు. "ఏందీ మేడం, ఒక్క దగ్గర సుత రాలేదని లేదు. గిట్లెట్లుంటది?"

నిజమే. రెండేళ్ళ పరీక్షల్లో ఒక్క తప్పూ లేకపోవడం నేనెక్కడా చూడలేదు.

బీకన్ కింద పడ్డా పగల్లేదు, చలికి పనిచెయ్యడం మానలేదు. ఉప్పునీళ్ళ పరీక్షలో దొరికిపోయింది. మనిషి ఒంటికి బదులు ఉప్పునీళ్ళు నింపిన డ్రమ్ముకి కట్టి కొలుస్తాం. ముందువైపు సిగ్నల్ బాగానే ఉంది. డ్రమ్ము వెనకవైపుకి వెళ్ళేసరికి దాదాపు లేదు. అంటే గుండెలకి కట్టుకున్నవాడి వీపు ఓడ వైపుంటే, ఓడకి ఏమీ వినపడదు.

రిపోర్టు కోసం ఇద్దరూ వచ్చారు. ఆయన ఏవో డ్రాయింగులు జిరాక్స్ తీయించడానికి కిందికి దిగారు. నేను పుస్తకం తెరిచి వరహాలమ్మ గారి ముందు పెట్టాను.

"ఇవన్నీ నిజంగా వచ్చాయా అమ్మా?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "వీధి మలుపు దాటితే ఎప్పుడూ రాలేదమ్మా. రాలేదంటే ఇంకో గంట ఆ నీళ్ళలోనే కూర్చుంటారు. ఒకసారి న్యుమోనియా వచ్చి మంచం పట్టారు. 'వరాలూ, వస్తోందా?' అని సెల్‌ఫోన్‌లో అంత ఆశగా అరుస్తుంటే నేనేటి చెప్పను? వచ్చిందనేదాన్ని."

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట నమ్మి ఒకడు సముద్రంలో పడితే?" అనేశాను. ఆవిడ కళ్ళు నిండాయి. నా నోటి దురుసుకి నాకే సిగ్గేసింది. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాను. "ఆయనకి నేను చెప్పనమ్మా. మీరే చెప్పండి. మీరు చెప్తేనే బాగుంటుంది."

ఆయన పైకొచ్చారు. ఆవిడ లేచి నిలబడి, జిరాక్స్ కాగితాలు ఆయన చేతిలో ఉండగానే చెప్పేశారు. ఆయన కాగితాలు బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. జేబులోంచి పెన్ను తీసి ఆవిడకిచ్చారు.

"గుర్తున్నవి దిద్దు, వరాలూ."

గుర్తున్నవేమిటి, ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. ఏ రోజు టైలరు షాపు దగ్గర రాలేదో, ఏ రోజు స్కూలు గేటు దగ్గర రాలేదో, ఒక్కటి కూడా తడుముకోకుండా కొట్టేసి పక్కన "రాలేదు" అని రాసుకుంటూ పోయారు. అబద్ధం రాసిన ప్రతి చోటూ ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. యాదగిరి టీ తెచ్చి, చూసి, చప్పుడు చేయకుండా పెట్టి వెళ్ళిపోయాడు.

దిద్దిన పేజీలు చూస్తే "రాలేదు" అన్నవన్నీ మలుపు అవతలివే, అంటే తొట్టిలో కూర్చున్న ఆయన వీపు వైపున్న చోట్లే. మా డ్రమ్ము చెప్పిందీ అదే. సన్యాసిరావు గారు పుస్తకం మూసి, "గుండెల మీద కాదమ్మా, భుజం మీదికి తేవాలి. యాంటెన్నా తలకంటే పైకి లేవాలి" అన్నారు. ఆ గొంతులో నిరాశ లేదు, పని దొరికిన మనిషి హుషారు ఉంది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన తొట్టిలోకి దిగారు. నేనూ వరహాలమ్మ గారూ మలుపు దాటి నిలబడ్డాం. సెల్‌ఫోన్‌లో ఆయన కేక వినపడింది, "వస్తోందా?"

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "లేదండీ. రావట్లేదు."

"శభాష్! అక్కడే ఉండు!"

నాలుగుసార్లు లేదన్నారు. ఆ నాలుగుసార్లూ ఆయన యాంటెన్నా సర్దుకున్నారు. ఐదోసారి రిసీవర్ కూత పెట్టింది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా, చెప్పలేదు. రిసీవర్ గుండెలకి హత్తుకుని, ఆ వయసులో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఇంటివైపు పరిగెత్తారు. నేను వెనకబడిపోయాను. వెళ్ళేసరికి ఆయన తొట్టి అంచున తడిబట్టలతో కూర్చుని ఉన్నారు, ఆవిడ తువ్వాలుతో ఆయన తల తుడుస్తూ ఏడుస్తున్నారు. తర్వాత మా ల్యాబులో ఆ బీకన్ అన్ని పరీక్షలూ దాటింది. పాస్ అని రాసి సంతకం పెట్టాను.

లేదని చెప్పలేక ఆవిడ రెండేళ్ళు నలిగిపోయారు. నేనేమో అదే మాట రోజూ కాగితం మీద గీకి, కవర్లో పెట్టి పంపించేసేదాన్ని. అవతలివాళ్ళు దాన్ని ఎలా విప్పుకుంటారో ఎన్నడూ ఆలోచించలేదు. స్టాండర్డ్ ఎంత కఠినంగా ఉన్నా అది నీళ్ళలో పడ్డవాడి తరఫున మాట్లాడుతుంది, దాన్ని సడలించే హక్కు నాకు లేదు. కానీ చెప్పే తీరు నా చేతిలోనే ఉంది. ఇప్పటికీ ఫెయిల్ అని రాయాల్సివస్తే, ముందు ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టి నోటితో చెప్తాను. చెప్పాక ఇంకాసేపు పక్కనే కూర్చుంటాను.