రాతి విస్తళ్ల మఠం

ఈమధ్య పెళ్లిళ్లలో కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు కరువయ్యారు. చేతికి పళ్లెం ఇచ్చి క్యూలో నిలబెడతారు. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో గ్లాసు, మూడో చేత్తో తినాలి. కొన్ని నెలల కిందట కోరుట్లలో ఒక ఫంక్షన్ హాల్లో నేను పెరుగన్నం దాకా చేరేసరికి మొదట వేసుకున్న పచ్చడి ఎండిపోయింది. వెనుకటికి బంతిలో కూర్చుంటే, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి చాలు చాలన్నా వినకుండా వేళ్ల సందుల్లోంచి వడ్డించి పోయేవారు. అలాంటి బలవంతం ఇక చూడననుకుంటూ బయటపడ్డాను.

ఆ సాయంత్రం లోపే చూశాను. వడ్డించేవాళ్లు మాత్రం కనపడలేదు.

దయ్యాల మీద నాకు కోపమూ లేదు, నమ్మకమూ లేదు. జగిత్యాలలో చాలా అద్దె ఇళ్లు మారాను. దయ్యమే ఉంటే ఓనరు దానికీ వేరే కరెంటు మీటరు పెట్టించి బిల్లు మన చేతికిచ్చేవాడు. ఇప్పుడు రాసేది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు.

నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మా అన్న రాజేశం సిరిసిల్లలో ఒకరి షెడ్డులో కూలికి మరమగ్గాలు నడుపుతాడు. వాటిని మా దగ్గర సాంచాలంటారు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉండి అన్న చెవులు దాదాపు పోయాయి. షెడ్డులో చెవులున్నవాళ్లకు కూడా పెద్ద లాభం లేదు. ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి పెదవులు చూసి, చేతులతో సైగలు చేసి మాట్లాడుకుంటారు. నిలువు పోగులు చుట్టి ఉండే పెద్ద కడ్డీని బీము అంటారు. బీము అని చెప్పాలంటే రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాలి. ఇంకా ఉంది అనాలంటే అరచేయి బోర్లించి అదమాలి. మా ఇంట్లో పిల్లలకు అ ఆల కంటే ముందే ఈ భాష వస్తుంది. నాకూ అంతే.

వదిన పోయిన తర్వాత అన్న పని మానేశాడు, మాట మానేశాడు. రెండుసార్లు ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఒకసారి గంభీరావుపేట బస్టాండులో దొరికాడు. రెండోసారి మానేరు ఒడ్డున. సిరిసిల్లలో ఇలా చెప్పకుండా పోయిన మనిషిని వెతికేటప్పుడు పైకి ఎవరూ ఏమీ అనరు. కాని అందరూ నీళ్లున్న వైపే నడుస్తారు.

అన్న బిడ్డ రమ్య నాకు ఒకటే చెప్పింది. "చిన్నబాపూ, బాపును ఒక్కన్నె ఇడిసిపెట్టకు." అందుకే ఆ రోజు పెళ్లికి వెంట తీసుకుపోయాను. పెళ్లయ్యాక మా స్నేహితుడు ఖాజా మమ్మల్ని సిరిసిల్లలో దింపుతానన్నాడు. అతను కోరుట్లలో కార్ల మెకానిక్కు. ఎవరిదో బాగు చేసిన కారు తెచ్చి, ట్రయల్ చూస్తున్నానన్నాడు. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ట్రయల్. ఓనరు అదృష్టవంతుడు.

దారిలో మేడిపల్లి దాటాక, రోడ్డుకు దూరంగా చెలక పొలాల మధ్య ఒక పాత శైవ మఠం ఉంది. దాని ఫొటో ఎవరో వాట్సాప్‌లో పంపితే చూశాను. ఒక్కసారి ఆపమన్నాను.

"అరె భాయ్, గా రాళ్లల్ల ఏమున్నది? ఉన్న బిర్యానీ అంత ఆడ్నె ఇడిసిపెట్టి వస్తిమి," అని సణుగుతూనే ఖాజా బండి తిప్పాడు.

నాకు ఆ మఠం మీద ఎందుకంత మోజో చెప్పాలి. కాలేజీలో నేను యూరప్ చరిత్ర కూడా చెబుతాను. అందులో మధ్యయుగపు బెనెడిక్టైన్ సన్యాసుల మఠాల మీద ఒక పాఠం ఉంది. నేను వాటిలో ఒక్కటీ చూడలేదు, నాకు పాస్‌పోర్టు కూడా లేదు. కాని బోర్డు మీద గీసి గీసి నిద్రలో కూడా గీయగలను. మధ్యలో చదరపు ముంగిలి, చుట్టూ స్తంభాల వసారా, ఒకవైపు చర్చి, ఇంకోవైపు పడకలు, మరోవైపు పొడుగాటి భోజనశాల. భోజనశాలలో ఎవరూ నోరు విప్పకూడదు. గోడలో ఎత్తుగా ఒక గూడు ఉంటుంది. ఒక సన్యాసి అందులో కూర్చుని చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తింటారు. ఉప్పు కావాలన్నా చేతి సైగే. వాళ్లలో ఒకరు చనిపోతే, కొన్నాళ్లు అతని చోటు ఖాళీగా ఉంచి, అక్కడ వడ్డించి, ఆ అన్నం పేదవాళ్లకు పెట్టేవారట. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు అన్న షెడ్డు కళ్ల ముందు కదిలేది.

మేడిపల్లి దగ్గరి మఠం నక్షా కూడా దాదాపు అదే. తలుపుల్లేని రాతి ద్వారం, దాని మీద అరిగిపోయిన లక్ష్మి. లోపల చదరపు ముంగిలి, మెడ విరిగిన నంది. మూడువైపులా చిన్న చిన్న గదులు. వంగితే తప్ప దూరలేనంత పొట్టి గుమ్మాలు. చెక్కను చిత్రిక పట్టినట్టు నున్నగా తీర్చిన నల్లరాతి స్తంభాలు. ఊళ్లోవాళ్లు కాకతీయులదంటారు. మా దగ్గర పాతబడ్డ ప్రతి రాయీ కాకతీయులదే. నాకు మాత్రం ఇంకా ముందుదేమో అనిపించింది. తేల్చడానికి ఒక శాసనం ఉంది కాని, దాని మీద కొడవళ్లు నూరి నూరి అక్షరాలను అద్దంలా చేశారు. ఒకప్పుడు ఇలాంటి మఠాలు చదువు చెప్పేవి, వైద్యం చేసేవి, దారిన పోయేవాళ్లకు అన్నం పెట్టేవి. అక్కడి సన్యాసులకూ ఇక్కడి శైవులకూ ఒకరి పేరు ఒకరికి తెలియదు. అంతమందికి ఒకచోట తిండి పెట్టి, నోరు మూయించాలంటే లోకమంతా ఒకటే నక్షా కాబోలు.

చివరన భోజనశాల. పైకప్పు బండలు సగం ఉన్నాయి, సగం ఆకాశం. నేల పొడుగునా రెండు రాతి అరుగులు, వాటిమీద వరసగా గుండ్రటి పళ్లేలు. విడివి కావు, బండలోనే తొలిచినవి. పక్కన కూరకు చిన్న గుంట. అన్నిట్లో ఏళ్ల తరబడి దుమ్ము, గబ్బిలాల పెంట. గోడలో, నిలువెత్తుకు పైన, ఒక గూడు. ఎక్కడానికి ఇరుకు మెట్లు.

నేను ఆ మెట్లను చేత్తో తడిమి చూశాను. తర్వాత ఖాజాకు పాఠం మొదలుపెట్టాను. ఇది చదివేవాడి చోటు, ఇక్కడ కూర్చుని ఒకడు చదివితే కింద వాళ్లు మాట్లాడకుండా తినేవాళ్లని. అన్న అప్పుడు బయట నంది దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నా మాట వినలేదు, నా పెదవులు చూడలేదు. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి.

"మైకు సెట్టు గిట్ట ఉండెనా భాయ్?" అన్నాడు ఖాజా.

అవసరం లేదని నిరూపించడానికి మెట్లెక్కి గూట్లో కూర్చున్నాను. చదవడానికి జేబులో పెళ్లికార్డు తప్ప ఏమీ లేదు. వధూవరుల పేర్లు, తాతముత్తాతలు, విందు ఎన్ని గంటలకు, అన్నీ పారాయణంలా చదివాను. నవ్వించాలనే చదివాను. కాని రెండు వాక్యాలయ్యేసరికి నా గొంతు నాది కానట్టు నిండుగా తిరిగొచ్చింది. నా క్లాసులో పిల్లలు ఏనాడూ వినని విధంగా ఆ గది విన్నది. అంతకుముందు దాకా కూసిన పావురాలు ఆగిపోయాయి.

కిందికి చూస్తే అన్న లోపలికి వచ్చి ఉన్నాడు. అవతలి చివర, బంతిలో, నాకు వీపు పెట్టి బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ చాపి తన ముందున్న రాతి పళ్లెం మీద అడ్డం పెట్టాడు. చాలు చాలన్నట్టు. ఎవరో వినకుండా వడ్డిస్తున్నట్టు వేళ్లు బిగించాడు.

తర్వాత పక్కకు తిరిగి తలెత్తాడు. పక్కన నిలబడ్డ మనిషి మొహంలోకి చూసినట్టు. అన్న పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. అరచేయి కిందికి అదిమాడు. బీముంది. ఇంకా ఉంది.

ఫోన్లో ఒకవైపు మాటలే విన్నట్టుంది నాకు. అవతలివాళ్లు ఒప్పుకోవడం లేదని మాత్రం తెలుస్తోంది. నేను చదవడం ఆపేశాను. ఆపగానే అన్న చేతులు ఇంకా వేగంగా తిరిగాయి. బీముంది. బీముంది. ఇంకా ఉంది. కోపంగా, బతిమాలుతూ.

"భాయ్, దిగు," అన్నాడు ఖాజా. అతని గొంతులో బిర్యానీ లేదు. "దిగు, పోదాం పా."

దిగడానికి నాకు చాలాసేపు పట్టింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడు అలాగే అనుకున్నాను. అన్న దగ్గరికి వెళ్లి భుజం పట్టి లేపాను. అతని ముందున్న పళ్లెం ఒక్కటే శుభ్రంగా ఉంది. కడిగినట్టు, తడిగా. ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఖాజా కూడా ముట్టుకుని వేళ్లు వాసన చూసి, కారు దగ్గరికి పోయి పెట్రోలుతో చేతులు కడుక్కున్నాడు. నెయ్యి వాసన వచ్చిందని తర్వాత చెప్పాడు. మా నీళ్ల సీసా కారులో ఉంది. మఠం బావి నిండా తుమ్మ కంపే. అన్నే తుడిచాడేమో అనుకుందామంటే, అతని చేతులు పొడిగా ఉన్నాయి, గోళ్లలో దుమ్ము లేదు.

కారులో అన్న మొహం నా వైపు తిప్పి, పెదవులు కనపడేలా అడిగాను. "ఎవ్వలతోని మాట్లాడినవే, అన్నా?" అతను కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున రమ్య ఫోను. "చిన్నబాపూ, బాపు సాంచలకు పోయిండు! అన్నం డబ్బ గూడ అడిగి కట్టిచ్చుకొని పోయిండు." ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇల్లంతా సంతోషపడింది. నేను తప్ప. బీముంది అంటే అర్థం నాకు తెలుసు. పని మిగిలి ఉంది, అయ్యాక వస్తానని. ఎవరికో మాట ఇచ్చి వచ్చిన మనిషి అప్పు తీరుస్తున్నట్టు కనపడ్డాడు నాకు.

అన్న ఒక్కరోజు నాగా పెట్టలేదు. జ్వరమొచ్చినా పోయాడు. బీము మిగిలి ఉన్న ఆ ఒక్క సాంచను ఇంకొకరి చేతికివ్వలేదు. నేను ప్రతి ఆదివారం సిరిసిల్ల పోయి, ఆసుపత్రిలో సెలైను సీసా చూసినట్టు ఆ బీము చూసేవాణ్ణి. వారంవారం సన్నబడుతోంది.

నాలో పెద్ద మార్పేమీ లేదు. ఒక్కటి మాత్రం, ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుంటే ఏదో ఒకటి పైకి చదవాలనిపిస్తుంది. పేపరు లేకపోతే పచ్చడి సీసా మీది అక్షరాలైనా సరే. మా ఆవిడ దీన్ని వృత్తిరోగం కింద జమకట్టింది.

పోయిన నెలలో సాంచాల యజమాని ఒక మాటన్నాడు. ఆర్డర్లు లేవు, ఈ బీము అయిపోగానే ఆ సాంచను కొన్నాళ్లు ఆపేస్తానని. నాకు ఒక ఉపాయం తట్టింది. బీము అయిపోకముందే కొత్త బీము తెచ్చి, పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే ముడివేసి అతకడం మా దగ్గర మామూలే. అలా అతికితే పాతది అయిపోయిందని ఎవరూ అనలేరు. అవతలివాళ్లు ఎవరైనా సరే, ఈ వాదనకు ఒప్పుకుని తీరాలి. చరిత్ర లెక్చరరు ఇలాంటి ఆలోచన చేయకూడదని నాకు తెలుసు. అయినా వెళ్లి బతిమాలాను.

"ఏంది సారూ, బట్ట అమ్ముడువోక నేను సస్తాంటే, నీకు సాంచ మీద గింత పాణమేందే?" అన్నాడాయన. చివరికి ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం అతికేవాళ్లు వచ్చారు. కరెంటు ఆపారు. నా జన్మలో ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. ఆ నిశ్శబ్దం ఎక్కడో విన్నట్టనిపించింది గాని, ఆలోచించదలచుకోలేదు. ముడి తర్వాత ముడి పడుతోంది. అన్న గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

ఇందులో దేనికీ నా దగ్గర వివరణ లేదు. దుఃఖంలో ఉన్న మనిషి మెదడు ఏమైనా చూపిస్తుందని ఒక డాక్టరు స్నేహితుడు అన్నాడు. రాతి పళ్లేన్ని కూడా కడుగుతుందా అంటే మాట మార్చాడు. ఆ తర్వాత అన్న నోట విన్న మాట గురించైతే నేను ఎవరినీ అడగలేదు.

ముళ్లన్నీ పడ్డాక నేను తేలికపడి, అన్న ముందు నిలబడి పిడికిళ్లు తిప్పాను. అరచేయి అదిమాను. బీముంది, ఇంకా ఉంది. "నిన్నిగ ఎవ్వలు పిలువరు తియ్యే," అన్నాను పెదవులతో.

మొద్దు పిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. చెవులు పోయినవాళ్లు మాట్లాడితే గట్టిగా మాట్లాడతారు. షెడ్డులో అందరూ తిరిగి చూశారు.

"నన్నెవడు పిలిచిండురా? చెవుల్లేనోన్ని, నన్నేం జేస్కుంటరు? ఆళ్లకు సదివెటోడు లేడట. నిన్ను కిందికి దిగనియ్యం అన్నరు. బీమున్నది, అయిపొయ్యెదాక ఆగుండ్రని నేనే ఆపిన."