మా ఆయన కండలు, నా కాలు

తొంభైల చివర్లో హైటెక్ సిటీ దారంతా తవ్వి పోసి ఉండేది. ఆ కంకరలో బండి జారి నా కాలు విరిగింది. తొడ దాకా పిండికట్టు వేశారు. మాది కొండాపూర్‌లో మేడ మీద అద్దె వాటా. మా ఆయన పుల్లలాంటి మనిషి. నన్ను ఎత్తబోయి మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు. చివరికి ఇంటావిడ కొడుకులు నన్ను కుర్చీతో సహా పైకి మోశారు. సిగ్గుతో చచ్చాననుకోండి.

ఆయనకది గట్టిగా గుచ్చుకుంది. కండ పెరగడానికి గంటలక్కర్లేదు, పావుగంట చాలు, కాకపోతే చెయ్యి ఇక లేవనంటే తప్ప ఆపకూడదు, మర్నాడు విశ్రాంతి ఇవ్వాలి అని ఆఫీసులో ఎవరో చెప్పారట. రెండు నూనె డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో ఇనుప గొట్టం దిగేశాడు. పొద్దున్నే డాబా మీద ఆయన రొప్పుతుంటే నాకు నవ్వాగేది కాదు. చూస్తుండగానే చొక్కా చేతులు బిగుతయ్యాయి. ఒకరోజు నన్ను అమాంతం ఎత్తుకుని మెట్లు దిగిపోతే నోరెళ్లబెట్టాను.

కొంప మునిగింది అక్కడే. పెద్ద కట్టు తీసి చిన్నది వేసినప్పుడు కాలు మోపి నడవమన్నాడు డాక్టరు. మోపనిస్తేగా?

"నేనుండగా నీకా ఖర్మేంటి?" అనేవాడు ఈయన.

భీమవరం నుంచి దిగిన మా అత్తగారు మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చేవారు. అబద్ధమెందుకు, ఆ వైభోగం నాకూ నచ్చింది.

కట్టు పూర్తిగా విప్పిన రోజు నా కాలు చూసి కొయ్యబారిపోయాను. ఎముక మీద తోలు వేలాడుతోంది. లేవబోతే దెబ్బ తగలని కాలు కూడా నిలవలేదు. నెలాఖరుకి తిరిగి ఆఫీసులో చేరకపోతే నా ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఎముక అతికిందమ్మా, కండ పోయింది. ఇంట్ల ఎవరన్న ఎత్తుకుంటున్నరా?" అన్నాడు డాక్టరు.

"నేనేనండి," అన్నాడు మా ఆయన, ఛాతీ విరుచుకుని.

"గందుకే."

ఆయన మొహం పాలిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీదా, నా మీదా.

ఆయన కండలు పెంచిన పద్ధతే నా కాలికీ పెట్టుకున్నాను: రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, తొడ వణికి ఇక లేవలేనన్నదాకా. కాసేపే, కానీ ప్రాణం పోయేది. ఆయన చేతులు ముందుకొస్తే, "ముట్టుకున్నారంటే ఊరుకోను" అనేదాన్ని.

"నువ్వు జర పక్కకు జరుగయ్యా, ఆమెను లేవనియ్యి," అని ఇంటావిడ కూడా గదమాయించేది.

నెలాఖరులోపే ఒక ఉదయం గోడ పట్టుకుని మెట్లన్నీ నేనే దిగాను, మళ్లీ నేనే ఎక్కాను. ఆయన నా వెనకే వచ్చాడు. పైకి చేరి, గెలిచినదానిలా ఆయన వైపు తిరిగాను.

"అయితే ఇక నాతో పని లేదన్నమాట," అన్నాడు.

వేళాకోళమేమో అని మొహంలోకి చూశాను. కాదు. కాలు విరిగినప్పుడు కూడా నా గుండె అంతలా జారలేదు.